పుట్టింటి పేరు కూడా రాయాలట

మార్చి నెలాఖరు, శనివారం మధ్యాహ్నం. జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో ఒక రెండో అంతస్తు ఇల్లు. భోజనాల బల్లకి ఒక పక్క ఆ ఇంటి ఇల్లాలు, కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే హారిక. ఎదురుగా, ఐదు నెలలుగా రోజూ మధ్యాహ్నాలు ఆమె మూడేళ్ళ కూతురు చిట్టిని చూసుకుంటున్న మేరీకుమారి. ఇద్దరి మధ్యా ఒక ఫారం. హారిక భర్త విక్రాంత్ లోపల ఉన్నాడు; చిట్టి నిద్రపోతోంది.

"చెక్కులూ గిక్కులూ నాకొద్దమ్మా. మీరు చేతికిస్తున్నారు, నేను పుచ్చుకుంటున్నాను. దేవుడి దయవల్ల ఇద్దరికీ బానే ఉంది."

"చెక్కు కాదక్కా. దాని పేరు హౌస్‌హాల్ట్స్‌షెక్."

"అదిగో, మళ్ళీ చెక్కే అంటున్నారు!"

"పేరే గట్ల పెట్టిండ్రు, నేనేం చెయ్యాలె? ఇది ఉత్త ఫారం. ఇంట్ల పనికి ఎవర్నన్న పెట్టుకుంటే, ఇగో ఈమె మా ఇంట్ల పని చేస్తుంది అని సర్కారుకి చెప్పే కాయితం."

"చెప్పడం ఎందుకండి? నేనేమన్నా పారిపోతానా?"

"మీరు పారిపోతరని కాదు. నేను ఎగ్గొట్టకుండా ఉండనీకి."

"మీరేం ఎగ్గొట్టారమ్మా? ఒకటో తారీకు దాటనివ్వలేదు ఎప్పుడూ."

"మీకు కాదు, సర్కారుకి. మీకిచ్చే జీతం మీద ఇంకో పద్నాలుగు పదిహేను శాతం నేను కట్టాలె. పించనుకింత, ఆరోగ్య బీమాకింత, పనిల దెబ్బ తాకితే చూసుకునే బీమాకింత, పన్నుకింత. ఐదు నెలల సంది ఒక్క సెంటు కట్టలే నేను."

"ఆ కట్టేదేదో నా జీతంలోంచి..."

"కాదు కాదు. నా జేబులకెల్లి."

"అయితే మరీ వద్దు. మీకెందుకమ్మా నష్టం?"

"నష్టం కూడా కాదక్కా. ఏడాది చివర్ల నా ట్యాక్స్ లెక్క చూపించేటప్పుడు, మీకు పెట్టిన ఖర్చుల ఐదో వంతు నా పన్నుల తగ్గిస్తరు. దానికొక హద్దున్నదిగాని, మనం ఆ హద్దు దాకా వస్తం."

"అబ్బో. ఇన్ని సంగతులు ఎప్పుడు తెలుసుకున్నారు?"

"ఈ వారం. లంచ్ మానేసి ఇవే చదివిన."

"ఈ వారమే ఎందుకండి?"

"ఏమో. చదవాలనిపించింది."

"ఐదు నెలల్నించీ అనిపించలేదు కదా."

"పేరు రాస్తున్న అక్కా. మేరీ, కుమారి. రెండు కలిపా, విడిగనా?"

"మాట మారుస్తున్నారు."

"మీరు మారుస్తలేరా? అర్ధగంట సంది చాయ తాగుతరా అంటే ప్రార్థనకెళ్ళాలి, ఫారం చూడండి అంటే బయట మబ్బేసింది."

"నిజంగానే మబ్బేసిందండి."

"కలిపా, విడిగనా?"

"పాస్‌పోర్టులో విడివిడిగా ఉంటాది. ఇంటిపేరు గెడ్డం."

"గెడ్డం. రాసిన. ఇప్పుడు గెబుర్ట్స్‌నామె."

"అదేటండి?"

"పుట్టినప్పటి పేరు. అంటే పెండ్లికి ముందటి ఇంటిపేరు. పుట్టింటి పేరు."

"అది కూడా రాయాలా?"

"రాయాలట."

"నేలపూడి."

"నేలపూడి. మంచిగున్నది."

"ఏంటండి మంచిగుండడం! మా నాన్న వింటే పొంగిపోయేవాడు. ఇరవై నాలుగేళ్ళయింది, ఆ పేరు ఎవరూ అడగలేదు నన్ను. ఏదీ, ఎక్కడ రాశారో చూపించండి. ఈ ఎన్, ఇ, ఎల్... ఆ. సరిగ్గా రాశారా? ఒక అక్షరం ఎక్కువైనా వేరే వాళ్ళయిపోతారు. మా ఊళ్ళో ఉన్నారు అలాంటోళ్ళు, మాకూ వాళ్ళకీ పడదు."

"సరిగ్గనే రాసిన. పుట్టిన ఊరు?"

"రాజోలు దగ్గరండి. రాజోలు అనే వేసెయ్యండి. మా ఊరి పేరు రాస్తే జర్మనోళ్ళకి నోరు తిరగదు."

"ఇగో ఇక్కడ నా పేరు. ఆర్బైట్‌గేబర్. అంటే పని ఇచ్చేటోళ్ళు."

"మరి నేనో?"

"ఆర్బైట్‌నేమరిన్. పని తీసుకునేటామె."

"తిరగేసి రాశారండి జర్మనోళ్ళు. పని చేసి మీకిచ్చేది నేను కదా? తీసుకునేది మీరు."

"అక్కా, ఆ మాట వాళ్ళకి ఉత్తరం రాద్దాం. ఇంతకీ కార్డు తెచ్చిండ్రా? వీసా కార్డు తెమ్మన్న కదా."

"తెచ్చాను."

"ఇటియ్యండి."

"ఎందుకండి?"

"మీకు ఇక్కడ పని చేసే హక్కున్నదా అని నేను చూడాలె, దాని కాపీ ఒకటి పెట్టుకోవాలె. రూలు. ఇట్ల ఫోటో తీసి ఇచ్చేస్త."

"నేను పట్టుకుంటాను. మీరు తియ్యండి."

"బల్ల మీద పెడితే మంచిగ పడతది కదా."

"నేను పట్టుకుంటానన్నానుగా."

"సరే. కొంచెం కిందికి. బొటనవేలు అడ్డమొస్తుంది. అక్కా, ఇంకా అడ్డమే ఉన్నది."

"లేదే."

"ఫోటోల తెలుస్తుంది. ఒక్క నిమిషం నా చేతికిస్తే..."

"ఇవ్వనమ్మా! ఇవ్వను. ఏవనుకోకండి."

"అయ్యో, అరవకండి, చిట్టి లేస్తది. నేనేమన్ననిప్పుడు?"

"మీరేం అనలేదు. మీ తప్పేం లేదు. కువైట్‌లో కూడా ఇలాగే బల్ల మీద పెట్టమన్నారు. ఇచ్చేస్తాం అన్నారు."

"కువైట్‌ల చేసిండ్రా మీరు? ఎన్నడు చెప్పలేదు."

"ఎనిమిదేళ్ళు. మా ఆయన ఆమోసు గారు అక్కడ హోటల్లో వంట, నేను ఒక మేడం ఇంట్లో. పిల్లలు నలుగురు. మొదటి రోజు ఏదో కాయితం మీద వేలిముద్ర వేయించుకున్నారు, నాకు సంతకం వచ్చన్నా వినలేదు. పాస్‌పోర్టు బల్ల మీద పెట్టమన్నారు. పెట్టాను. మేడం దాన్ని నగల బీరువాలో పెట్టి తాళం వేసింది. నగలకీ దానికీ ఒకటే తాళం."

"మళ్ళ ఎప్పుడిచ్చింది?"

"మా అమ్మకి బాగోలేదని ఫోనొచ్చింది. కబురంటే మామూలు కబురు కాదండి, ఇంక వచ్చి చూసుకోమన్నారు. మేడం కాళ్ళావేళ్ళా పడ్డాను. పండగ అవనీ అంది. పండగయ్యింది, చుట్టాలు వెళ్ళనీ అంది. పంతొమ్మిది రోజులు. ఇరవయ్యో రోజున బీరువా తీసింది."

"అయ్యో అక్కా. మరి అమ్మ..."

"ఆవిడకేవండి! నేను ఏడ్చుకుంటా ఇంటికెళ్ళేసరికి వంటింట్లో పీట మీద కూర్చుని పులస పులుసు కలుపుతోంది. నన్ను చూసి, పులస వచ్చిందని ఎవరు చెప్పారే నీకు అంది."

"అబ్బా! నా గుండె ఆగిపోయింది తెల్సా!"

"నవ్వండి, నవ్వండి. ఇప్పటికీ ఉంది ఆవిడ. ఆదివారం ఫోన్ చేస్తే గంట తిడతాది. కానీ ఆ పంతొమ్మిది రోజులున్నాయే హారికమ్మా, అవి మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు నాకు. అందుకే, కాయితం అంటే... మీరని కాదు."

"ఉండండి. ఫోటో వద్దు ఇప్పుడు. మీరే మీ ఫోన్ల తీసి నాకు పంపండి. కార్డు మీ చెయ్యి దాటొద్దు. సరేనా?"

"అలా చెయ్యొచ్చా?"

"ఎందుకు చెయ్యొద్దు? కాపీ ఉండాలె అన్నరుగాని, ఎవరి ఫోన్ల తియ్యాలె అని ఎక్కడ చెప్పలే."

"ఏవండోయ్, చాయ్ వచ్చింది! అక్కా, మీకు చక్కెర రెండు. హారికా, నీకు లేదు. ఇంకా అయిపోలేదా మీ ఫారం?"

"విక్రాంత్, మెల్లగ. చిట్టి పండుకున్నది."

"లేచింది. బెడ్డు మీద కూసొని సాక్స్ ఇప్పుకుంటుంది. ఎక్కడిదాక వచ్చిండ్రు? ఓ, పని మొదలుపెట్టిన తేదీ. మార్చి ఒకటి రాసెయ్."

"నవంబర్ కదా, బాబుగారు. నవంబరు మూడు."

"తెల్సక్కా. కానీ మార్చి అని రాస్తే సాఫ్. నవంబర్ అంటే ఇన్ని రోజులు ఏం చేసిండ్రు అని అడుగుతరు. ఫైన్ కూడా వెయ్యొచ్చు."

"వేస్తే కడదాం."

"అరే హారికా, అసలు ఈ ఊర్ల ఇది నింపేది నువ్వొక్కదానివే. మన వాట్సాప్ గ్రూపుల చూడు, అందరు చేతికే ఇస్తున్నరు. ఒక్కళ్ళన్న ఈ ఫారం పేరు విన్నరా?"

"గ్రూపు వచ్చి ఆస్పత్రిల కూసుంటదా?"

"ఆస్పత్రి ఏంది మధ్యల?"

"ఏం లేదు."

"ఏం లేదంటే? ఏమైంది?"

"ఏం కాలేదండి బాబుగారు. టీ బాగుంది. అల్లం వేశారా?"

"ఇద్దరు ఇద్దరే. ఏదో దాస్తుండ్రు. చిట్టీ, రా బేటా. నువ్వన్న చెప్పు నాకు, ఏమైంది?"

"మేరీ పెద్దమ్మ ఇస్ట్ గెఫాలెన్! బుమ్!"

"చిట్టీ!"

"ఏటంటుంది పిల్ల?"

"మీరు పడిపోయిండ్రు అంటుంది. ఎక్కడ బేటా?"

"కెల్లర్‌ట్రెప్పె! బుమ్, బుమ్, బుమ్!"

"కింద సెల్లార్ మెట్ల మీదనా? మూడు బుమ్‌లు? అక్కా, ఎన్ని మెట్లు పడ్డరు?"

"మూడేనండి. ఎక్కువేం కాదు. పిల్ల సైకిల్ కావాలంటే తేవడానికి దిగాను. ఎవరో గొడుగులు దులిపినట్టున్నారు, మెట్లు తడిగా ఉన్నాయి. పిల్ల పైనే ఉంది, దానికేం కాలేదు. ఒట్టు."

"చిట్టికి ఏమైందని కాదక్కా నేనడిగేది. మీ చెయ్యి చూపించండి. ఎడమది. ఆ స్వెట్టర్ చెయ్యి పైకి గుంజండి."

"తగ్గిపోయింది."

"సోమవారం నాడు మణికట్టు ఇంత లావుంటే ఏందక్కా అని అడిగిన. ఏం చెప్పిండ్రు? ఇంట్ల రుబ్బురోలు ఎత్తిన అన్నరు. జర్మనీల రుబ్బురోలు ఎక్కడిది? అప్పుడే అనుకున్న, మా ఇంట్లనే తాకిందని."

"కంగారులో నోటికి అదే వచ్చిందమ్మా."

"అందుకా ఈ వారం నువ్వు లంచ్ తినకుండా చదివింది? నాకెందుకు చెప్పలే, హారికా?"

"చెప్తే నువ్వు ఇంకొకళ్ళని చూద్దాం అంటవని."

"నేనట్ల అంటనా?"

"అనవా?"

"ఏమో. అంటుంటినేమో. సారీ అక్కా."

"అయ్యో, సారీలు ఎందుకు బాబుగారు. నేను కూడా అందుకే చెప్పలేదు కదా."

"అక్కా, ఒక్కటి అడుగుత, నిజం చెప్పండి. ఆ రోజు చెయ్యి విరిగుంటే? అంబులెన్స్ వచ్చుంటే? ఆస్పత్రిల ఎక్కడ పడ్డరమ్మా అంటే ఏం చెప్తుంటిరి?"

"మా ఇంట్లోనే పడ్డానని చెప్పేదాన్ని."

"ఎందుకు?"

"ఎందుకేంటమ్మా. మీ పేరు రాకూడదు కదా."

"అదే. అదే నాకు తిండి పోనియ్యలే ఈ వారమంతా. చెయ్యి విరగ్గొట్టుకొని, నొప్పిల కూడా నాకోసం అబద్ధమాడేటోళ్ళు మీరు. నేనేమో ఆఫీసుల కూసొని మంచి యజమానిని అనుకునేదాన్ని. విక్రాంత్, తేదీ రాస్తున్న. నవంబర్ మూడు."

"రాయి."

"ఫైన్ వేస్తే?"

"వేస్తే కడదాం అన్నవు కదా. కడదాం. ఇగో చిట్టీ, పెన్ను నోట్ల పెట్టుకోకు."

"ఏవండి, నాకు ఒకటి అర్థం కాలేదు. ఇప్పుడు ఈ కాయితం వెళ్ళాక నేను మళ్ళీ పడ్డాననుకోండి..."

"పడకండి."

"పడను. మాటవరసకి."

"పడితే, మా ఇంట్లనే పడ్డ అని గట్టిగ చెప్పండి. వచ్చేటప్పుడు దారిల పడ్డా, పోయేటప్పుడు పడ్డా కూడా. ఆస్పత్రి ఖర్చు బీమా వాళ్ళు చూసుకుంటరు. మీకు ఒంట్ల బాగలేక రాకపోతే ఆరు వారాల దాకా జీతం ఆగదు. ఇంక ఏడాదికి నాలుగు వారాలు సెలవు, అది కూడా జీతంతోనే."

"నేను రాకపోయినా?"

"రాకపోయినా."

"ఎక్కడికీ వెళ్ళకుండా ఇంట్లో పడుకున్నా?"

"పడుకున్నా."

"ఈ రూలు పెట్టినోడెవడో గాని, వాళ్ళమ్మ ఎవరింట్లోనో పని చేసుంటాదండి."

"అయ్యుండొచ్చు. ఇంకొకటి ఉంది అక్కా, ఇది మీరే తేల్చాలె. పించను. నా వాటా నేను ఎట్లన్న కడత. మీ వాటా మీ జీతంలకెల్లి పోతది, వందకి పదమూడున్నర దాకా. వద్దనుకుంటే వద్దని రాసియ్యొచ్చు, అప్పుడు జీతం మొత్తం మీ చేతికే వస్తది."

"వద్దని రాయండక్కా. చేతికొచ్చిందే మనది. పించను ఎప్పుడో, ఎవరు చూసిండ్రు."

"విక్రాంత్, నువ్వు చెప్పకు. ఆమెనడుగుతున్న."

"నేనేం చెప్పిన? సలహా ఇచ్చిన."

"కడితే ఏటవుతాదమ్మా?"

"ఐదేండ్లు నిండితే, పెద్ద వయసొచ్చినంక నెలనెలా కొంచెం వస్తది. దీని ఒక్కదానితోటి ఎక్కువేం రాదు, అబద్ధం చెప్పను. చిన్న మొత్తమే."

"చిన్నదంటే? పులస కొనుక్కోవచ్చా?"

"పులస అంటే కష్టం. ఇక్కడి సాల్మన్ అయితే కొనుక్కోవచ్చు."

"పన్నెండేళ్ళు మా ఊళ్ళో చేశానమ్మా, వాళ్ళింట్లో వీళ్ళింట్లో. ఎనిమిదేళ్ళు కువైట్‌లో. ఇరవై ఏళ్ళు. ఎవరన్నా అడిగితే చూపించడానికి నా దగ్గర ఒక్క చీటీ లేదు. వాళ్ళ పిల్లలకి కూడా గుర్తుంటానో లేదో. ఐదేళ్ళంటే ఎంత? చిట్టికి ఎనిమిదేళ్ళొస్తాయి. కొయ్యండి."

"నిజంగనా? నెలనెలా పోతది మరి. మీ ఆయన్ని అడగరా?"

"జీతం నాది కదండి. కొయ్యండి."

"చూసినవా విక్రాంత్?"

"చూసిన. రేపట్నించి నా పెట్టుబడుల సలహా కూడా అక్కనే అడుగుత."

"నవ్వుకోండి బాబుగారు. ఎక్కడ పెట్టాలమ్మా సంతకం?"

"ఉండండి, ఒక్కసారి మొత్తం చదివి చెప్త. తెలుగుల చెప్త, ఏం వదలకుండ. మళ్ళ ఏమో రాయించుకున్నరు అనుకోవద్దు."

"చదివారు కదండి, ఇంతసేపూ."

"మళ్ళ చదువుత. పని, పిల్లని చూసుకునుడు. ఇల్లు తుడుసుడు, అంట్లు తోముడు లేవు. వారానికి ఐదు రోజులు. ఈ ఫారం పోయినంక వాళ్ళ దగ్గర్నించి ఒక కాయితం వస్తది, అదొక కాపీ మీకు. ఇది కూడా ఒక కాపీ మీకే. ఇంట్ల పెట్టుకోండి, మీ బీరువాల."

"నా బీరువాకి తాళం లేదండి."

"ఇంక మంచిది."

"నా కాపీ అంటే, నా దగ్గరే ఉంటాదా? మళ్ళీ అడగరు కదా?"

"ఎవ్వరు అడగరు. అడిగినా ఇయ్యకండి. నేనడిగినా ఇయ్యకండి."

"పెన్నివ్వండి. చిట్టీ, ఇటియ్యమ్మా, బంగారు తల్లి కదూ. దీని నిండా ఉమ్మే. ఏవండి, జర్మన్‌లో పెట్టాలా, ఇంగ్లీషులోనా?"

"సంతకం మీది. మీ ఇష్టమున్న భాషల."

"తెలుగులో పెట్టొచ్చా?"

"పాస్‌పోర్టుల ఎట్లున్నది?"

"తెలుగేనండి."

"అయితే ఇక్కడ కూడా తెలుగే. ఇగో ఈ గీత మీద. చిన్నగ పెట్టండి, డబ్బా బయటికి పోతది."

"పోనివ్వండి. మేరీకుమారి అని పూర్తిగా రాస్తే కొంచెం పొడుగే అవుతాది."

"వాస్ ష్రైబ్ట్ మేరీ పెద్దమ్మ?"

"మేరీ పెద్దమ్మ తన పేరు రాస్తుంది బేటా. చూడు, ఎంత మంచిగుందో. ఇప్పుడు అమ్మ రాస్తది."

"రాసిన. అయిపోయింది. చూడండక్కా, ఇంతే, దీనికా మనం మధ్యాహ్నం అంత కొట్టుకున్నం! ఏంది, అట్ల నవ్వుతున్నరు?"

"ఏం లేదమ్మా."

"ఏం లేదంటే నేనొప్పుకోను. ఈ రోజు ఎవ్వరు ఏం లేదు అనొద్దు. చెప్పండి."

"పోనీలెండి, ఇప్పుడెందుకది. టీ చల్లారిపోయింది, మళ్ళీ పెట్టనా?"

"అంట్లు, చాయలు మీ పని కాదు, సంతకం పెట్టిండ్రు. కూసోండి. చెప్పండి."

"మా ఆమోసు గారు పొద్దున మళ్ళీ చెయ్యి చూసి కేకలేశారండి. కాయితం లేకుండా ఎన్నాళ్ళు చేస్తావ్, రేపేదన్నా అయితే వాళ్ళకీ ముప్పు, మనకీ ముప్పు అన్నారు. కాయితం అడగమన్నారు. అడగడం నా వల్ల కాదన్నాను. అయితే ఇంకో మాట చెప్పిరా అని నేర్పించి పంపారు. బస్సు ఎక్కిన దగ్గర్నించీ దాన్నే వల్లె వేసుకుంటా వచ్చాను. మీరు తలుపు తియ్యగానే అనేద్దామనుకున్నాను. తీస్తూనే మీరు ఈ ఫారం పట్టుకుని నించున్నారు."

"ఏం మాటక్కా అది?"

"'సోమవారం నించి నేను రానండి' అని."